నేరం ఒప్పుకుంటే కోపమొచ్చే ప్రాసిక్యూటర్

రఘుపతికి ఎవరి మీదనైనా కేసు పెట్టకపోతే అన్నం సహించదు. కేసు పెట్టాలంటే కోర్టు ఉండాలి, సర్కారు నియామకం ఉండాలి అనే చాదస్తాలు ఆయనకు లేవు. మస్కట్ దగ్గర అల్ ఖౌద్‌లో ఒకే రూములో నలుగురం ఉండేవాళ్లం. ఆ రూములో కూర మాడినా, సబ్బు అరిగినా, ఏసీ రిమోట్ మంచం కిందికి దొర్లినా దాని వెనక ఒక ముద్దాయి ఉంటాడని ఆయన గట్టి నమ్మకం. "అవునా, కాదా? సూటిగా చెప్పు!" అన్నది ఆయన ఊతపదం. నేను పనిచేసే కిరాణా షాపుకొచ్చి ఉల్లిగడ్డలు ఏరుకునేటప్పుడు కూడా, "ఇవి నిన్నటియి. అవునా, కాదా?" అని నన్ను నిలదీసేవాడు. మా షాపులో ఉల్లిగడ్డలు ఎప్పుడూ నిన్నటివే, అది వేరే విషయం.

ఆయనది కోరుట్ల. ఎల్లెల్బీ చదివి, జగిత్యాల కోర్టులో కొన్నాళ్లు ఒక సీనియర్ వెనకాల ఫైళ్లు మోశాడు. అప్పుడే ఫోన్లో ఒక ప్రకటన కనిపించింది. ఒమన్‌లో పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉద్యోగాలట. విదేశీ లాయర్లకు వీసా స్పాన్సర్‌షిప్ ఇస్తారట. వసతి, భోజనం ఉచితం. పైగా ఓవర్‌టైమ్ కూడా ఉందట. ప్రాసిక్యూటర్‌కు ఓవర్‌టైమ్ ఇచ్చే దేశం ఒకటుందని తెలిస్తే ఎవరికి ఆశ పుట్టదు చెప్పండి! ఏజెంటు నల్లకోటు కొలతలు కూడా రాసుకున్నాడు. తీరా మస్కట్‌లో దిగి చూసుకుంటే వీసా మీద ఉన్న ఉద్యోగం ఫొటోస్టాట్ మెషిన్ ఆపరేటర్.

"మొదట గట్లనే ఉంటది, దిగినంక పోస్టు మారుస్తరు" అని ఏజెంటు ఫోన్లో ధైర్యం చెప్పాడు. పోస్టు మారలేదు గానీ ఏజెంటు నంబరు మారింది.

అలా రఘుపతి యూనివర్సిటీ దగ్గరి జిరాక్స్ షాపులో చేరాడు. ఒమన్‌లో ప్రాసిక్యూటర్ కావాలంటే ఒమానీ అయి ఉండాలన్న సంగతి, అక్కడికి నోట్సు కాపీలు తీయించుకోవడానికొచ్చిన లా విద్యార్థులే ఆయనకు చెప్పారు. ఇంకొకరైతే కుంగిపోయేవారే. ఈయన మాత్రం, "అంటే పోస్టులు ఉన్నయన్న మాట!" అని సంతోషపడ్డాడు. సూట్‌కేసులోని నల్లకోటును వారానికోసారి తీసి, దులిపి, ఎండ తగలకుండా ఆరేసేవాడు.

స్పాన్సర్ వేట కూడా ఆపలేదు. ఒకసారి అజైబాలో ఒక పెద్ద కంపెనీ అర్బాబ్ దగ్గరికి నన్ను తోడు తీసుకుపోయాడు. అర్బాబ్ అంటే యజమాని. ఈయన మంచివాడు. ఖహ్వా కాఫీ పోయించి, ఖర్జూరాలు పెట్టి, ఓపిగ్గా అంతా విన్నాడు.

"సరే, నీకు కఫీల్‌గా, అదే స్పాన్సర్‌గా, నేను సంతకం పెట్టాననుకో. రేపు నా మీదే కేసొస్తే?" అన్నాడు హిందీలో.

"వాదిస్తాను సార్."

"ఎవరి తరఫున?"

"సర్కారు తరఫున."

"మరి నీ వీసా రద్దు చేయగలిగేది ఎవరు?"

రఘుపతి కొంచెం ఆలోచించాడు. "తమరే సార్. కాబట్టి తమరిని ముందు బెయిలు మీద వదిలిపెట్టి, నా వీసా రెన్యువల్ అయిన తర్వాతే శిక్ష వేయిస్తాను."

అర్బాబ్ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, ఇంకో ప్లేటు ఖర్జూరాలు తెప్పించాడు. ఉద్యోగం మాత్రం తెప్పించలేదు.

దేశం ఆయనను వాడుకోలేదు కాబట్టి ఆ భారమంతా మా రూము మీద పడింది. ప్రతి శుక్రవారం భోజనాలయ్యాక కోర్టు. కళ్లజోడు ఉన్న పాపానికి జడ్జిని నేను. ఫ్రిజ్ పక్కన నిలబడ్డవాడు ముద్దాయి. నేరం రుజువైతే శిక్ష గిన్నెలు తోమడం. కోర్టు మొదలవగానే రఘుపతి కోరుట్ల భాష వదిలి పుస్తకాల తెలుగులోకి దిగేవాడు.

"ముద్దాయి పోచన్నా! మొన్న అన్నం మాడిన సమయంలో పొయ్యి దగ్గర ఉన్నది నీవే. అవునా, కాదా? సూటిగా చెప్పు!"

"అవును సార్. తప్పైంది" అన్నాడు పోచన్న చేతులు కట్టుకుని.

రఘుపతి మొహం ఎర్రబడింది. పుస్తకాల తెలుగు ఎగిరిపోయింది. "ఎట్లయితది? మొన్న నువ్వు రూముల్నే లేవు! నీకు డ్యూటీ ఉండె!"

"గట్లనా వకీల్ సాబ్? అయినా నాది గూడ జెరంత తప్పు ఉండే ఉంటది."

పోచన్న తాపీమేస్త్రీ. నిర్మల్ పక్క పల్లె నుంచి వచ్చి ఏళ్ల తరబడి గల్ఫ్ ఎండలో గోడలు కట్టినవాడు. సైట్లో ఫోర్‌మన్ ప్రశ్న పూర్తికాకముందే "యెస్ సార్" అనడం ఆయనకు హెల్మెట్ పెట్టుకున్నంత అలవాటు. ప్రశ్న ఏమిటన్నది తర్వాతి సంగతి.

అన్నం నిజంగా మాడ్చింది మా నాలుగోవాడు, కడపాయన, డ్రైవర్ అజహర్. పొయ్యి మంట తగ్గదని, బియ్యం పాతవని, గిన్నె అడుగు పల్చన అని వాదించి ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. గిన్నెలు పోచన్న తోమాడు. ప్రతి వారం ఇదే తంతు. వాదించినవాడు తప్పించుకునేవాడు, ఒప్పుకున్నవాడు తోమేవాడు.

"ఏంది భాయ్ ఇది? ముద్దాయి ఒప్పుకుంటే ప్రాసిక్యూటరు సంబరపడాల గదా. ఈయప్పకు కోపమొస్తాదేంది?" అనేవాడు అజహర్. నిజమే. ఒక్క కేసన్నా గెలిచానని రఘుపతి ఆనందించగా మేమెవరమూ చూడలేదు.

ఇంతలో పోచన్నకు నిజం కేసే వచ్చిపడింది. ఫోర్‌మన్ నోటిమాటగా ఆయన్ను దూరాన ఇబ్రి ఊళ్లో ఉన్న సైటుకు పంపించి, తాను సెలవు మీద ఊరికి పోయాడు. కొత్తగా వచ్చిన ముదీర్, అంటే మేనేజరు, హాజరులో పోచన్న కనబడకపోయేసరికి పారిపోయాడని ఫిర్యాదు చేసేశాడు. తర్వాత ఇబ్రిలో మనిషి దొరికాడు, వెనక్కి తెచ్చారు. కానీ పొరపాటు నాది అనడానికి ముదీర్‌కు నోరు రాలేదు. ఫిర్యాదు నిలబడితే పోచన్నను ఊరికి పంపేస్తారు, మళ్లీ ఒమన్‌లో అడుగు పెట్టనివ్వరు. లేబర్ ఆఫీసులో విచారణ అన్నారు. అన్నిటికీ "యెస్ సార్" అనే మనిషికి విచారణ!

ఆ వారమంతా మా రూములో రోజూ కోర్టే. రఘుపతి తానే ముదీర్ అయి పోచన్నను పీక్కుతిన్నాడు.

"నువ్వు పారిపోయినవ్. అవునా, కాదా?"

"అవును సార్."

"మళ్ల అవునంటవ్! పారిపోయినవా నువ్వు?"

"మీరు గట్టిగ అడిగితే పారిపోయిన్నేమో అనిపిస్తుంది వకీల్ సాబ్."

ఊళ్లో ఉన్న భార్య కమలవ్వ ఫోన్ చేసి ఏమైందని అడిగితే, ఆమెకు కూడా "తప్పైంది" అనే చెప్పాడు పోచన్న. అజహర్‌కు ఒళ్లు మండింది. "నువ్వు మనిషివేనా వకీల్ సాబ్? ఆయప్ప భయంతో చస్తాంటే నీ నాటకం ఏంది?" అని కేకలేశాడు. రఘుపతి మళ్లీ మొదటి ప్రశ్నకు వెళ్లాడు. నాకూ అసహ్యమేసింది.

విచారణకు పోచన్న వెంట నేనూ పోయాను. రఘుపతి మాకంటే ముందే అక్కడున్నాడు, ఆ ఎండలో నల్లకోటు తొడుక్కుని. లోపల మాట్లాడే హక్కు ఆయనకు లేదు. అందుకని గది అద్దాల తలుపు బయట, లోపలివాళ్లకు కనిపించేలా నిలబడ్డాడు.

"ఇంక పోచన్నను సతాయించకు" అన్నాను నేను.

"జగిత్యాల కోర్టుల చూసిన. ఏ తప్పు చేయనోడు భయానికి తప్పైంది సార్ అంటడు. నాకు మస్తు కోపమొస్తుండె. నేను అడిగే దానికి అలవాటు పడితే, బయటోడు అడిగితే భయపడడని..." అని కోటు బొత్తాం సవరించుకున్నాడు. నేను పోచన్నతో లోపలికి పోయాను.

అధికారి హిందీ బాగానే మాట్లాడాడు. ముదీర్ మాత్రం కుర్చీలోంచి ముందుకు వంగి, "నువ్వు సైట్ వదిలి పారిపోయావు కదా?" అని గద్దించాడు.

పోచన్న నోరు "యె..." అని తెరుచుకుంది. అప్పుడాయన చూపు తలుపు అవతలి నల్లకోటు మీద పడింది.

"నో సార్" అన్నాడు.

ముదీర్ కంటే ఎక్కువగా పోచన్నే ఆశ్చర్యపోయాడు. మొదటి మాట వచ్చాక మిగతావి ఆగలేదు. ఆయన హిందీని మన భాషలో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "ఇబ్రికి ఫోర్‌మన్ పొమ్మన్నడు సార్. కంపెనీ పికప్‌ల పోయిన. పారిపోయెటోన్ని కంపెనీ బండిల దింపొస్తరా సార్? ఆ బండి తోలిన కంపెనీ డ్రైవర్ ఇయ్యాల ముదీర్ సాబ్‌ను తీసుకొచ్చిండు. కిందనే ఉన్నడు, పిలిచి అడుగుండ్రి."

కంపెనీ బండి ప్రశ్న రఘుపతి నేర్పింది కాదు. అది పోచన్న సొంతం. డ్రైవర్ పైకి వచ్చి, నేనే దింపానన్నాడు. ఫిర్యాదు అక్కడికక్కడే వెనక్కి పోయింది.

అధికారి నవ్వు ఆపుకుంటూ అద్దాల వైపు చూపించాడు. "బయట కోటులో చెమటతో తడిసిపోతున్నాడు, ఎవరతను?"

"మా రూమ్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ సార్."

"ప్రాసిక్యూటరా! అతనికి స్పాన్సర్ ఎవరు?"

"మేమే సార్" అన్నాడు పోచన్న. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

ఆ శుక్రవారం కోర్టులో ఫ్రిజ్ పక్కన రఘుపతిని నిలబెట్టారు. వాదించింది పోచన్న.

"రఘుపతి సాబ్! ఇన్నొద్దులు ప్రాసిక్యూటర్నని చెప్పుకుంట, దొంగతనంగ మా తరఫున వకీల్ పని చేసినవ్. అవునా, కాదా? సూటిగ చెప్పు!"

రఘుపతి తల గోక్కుని, "అవును" అన్నాడు.

ఒప్పుకున్నవాడికి శిక్ష తప్పదు. జడ్జిగా ఆయనకు గిన్నెలు వేశాను. అజహర్ తన వంతు క్షమాపణగా నీళ్లు పట్టి ఇచ్చాడు. కాసేపటికి వంటింట్లోంచి గొంతు వినిపించింది.

"ఈ గిన్నె అడుగు మాడ్చింది ఎవరు?"

"నేను కాదు!" అని అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా అరిచాడు పోచన్న.

ఆ రోజు వంట పోచన్నదే. ఆ సంగతి రఘుపతికీ తెలుసు. అయినా వంటింట్లోంచి ఇంకో ప్రశ్న రాలేదు. గిన్నె తోముతూ ఆయన ఈల వేస్తున్న చప్పుడు మాత్రం వినబడింది.