మేస్త్రి మామకు లేని మిద్దె

గుడియాత్తం నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ఆంబూరులో, షూ ఫ్యాక్టరీ పనిలో ఉన్నాను. "మేస్త్రి మామ పోయినాడమ్మా. కాఫీ అడిగినాడంట, అత్త తెచ్చేలోపల పోయినాడు" అంది. ముందుగా నాకు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, ఆయన ఇంటి రేకులు. అప్పటి నుంచి మనసు మనసులో లేదు.

ఆయన మాకు చుట్టమేమీ కాదు. మా వీధి మొత్తం కట్టడం పనివాళ్ళే. అందరికీ పని చూపించింది ఆయనే కాబట్టి అందరికీ మామ. రేపు స్లాబు ఉందంటే ఈ సాయంత్రమే గుమ్మం గుమ్మానికీ వచ్చి పిలిచేవాడు. లోపలికి రమ్మంటే రాడు. కాఫీ ఇస్తే నిలబడే తాగి, గ్లాసు తనే కడిగి పెట్టేవాడు. స్లాబు మొదలైతే కాంక్రీటు తట్టలు చేతులు మారుతూ నిచ్చెన మీదుగా పైకి పోతూనే ఉండాలి. "నడిమిట్లో నిలిపితే అతుకు పడతాది. ఆ అతుకు కాడ్నే వాన కారతాది" అనేవాడు. చిన్నప్పుడు బడి సెలవుల్లో నేనూ వరుసలో నిలబడితే నా తట్ట మాత్రం సగమే నింపించేవాడు.

మా వీధిలో ఒక కట్టుబాటుంది. వీధివాళ్ళెవరు ఇల్లు కట్టుకున్నా ఆ స్లాబుకు కూలి ఉండదు. అందరూ తట్ట పట్టాలి, మధ్యాహ్నం ఆ ఇంట్లోనే అన్నం తినాలి. మా మిద్దె అలాగే లేచింది. మామ అందరి మిద్దెలూ వేసి తన వంతు చివరికి పెట్టుకున్నాడు. పిల్లర్లు లేపి, గోడలు కట్టి, అప్పటికి పైన రేకులు కప్పుకున్నాడు. ఈలోగా మేమంతా ఫ్యాక్టరీల దారి పట్టాం.

ఆమధ్య ఒకమ్మాయి ఇంట్లో ఎంత మంది, ఆదాయమెంత అని రాసుకుంటూ మా వీధికి వచ్చింది. నేను గొప్పగానే చెప్పాను. ఎదురు అరుగు మీద నుంచి మామ నవ్వాడు. "ఆదాయం పెరిగిందిలేమ్మా. పగటిపూట ఈదిలో ఎంత మంది ఉండారో అదీ రాసుకోమను" అన్నాడు. నిజమే. సగం కుటుంబాలు ఆంబూరుకో వేలూరుకో మారిపోయాయి. మిగిలినవాళ్ళం తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కుతాం. ఇళ్ళకు టైల్సు వచ్చాయి, తలుపులకు తాళాలు కూడా వచ్చాయి.

అయినా ఆయన తన స్లాబుకు పిలవడం మానలేదు. ఎండాకాలం వస్తే గుమ్మంలో నిలబడి "ఈ ఆదివారం వస్తారా మ్మా?" అనేవాడు. "ఓవర్‌టైం ఉంది మామా, వచ్చే వారం" అనేదాన్ని. పోయినసారి నాకు విసుగొచ్చింది. "మేమే తలా కొంచెం వేసుకుని కాంక్రీటు మిషను తెప్పిస్తాం మామా. ఒక్క పూటలో అయిపోతాది" అన్నాను.

"మిషను నాకు తెలీదా మ్మా? టౌన్లో ఇండ్లకంతా నేనే పిలిపిస్తా ఉండాను. నా ఇంటికి మీరు రావల్ల" అన్నాడు.

మొండి మనిషి అనుకున్నాను. ఆ ఆదివారం ఓవర్‌టైం లేదు. అయినా నేను పోలేదు, టీవీ చూస్తూ పడుకున్నాను. ఇంకెవరూ పోలేదని తర్వాత తెలిసింది. అత్త మాత్రం అన్నం వండి పెట్టుకుని ఎదురు చూసిందట.

చావుకు అందరం వచ్చాం. సెలవు పెట్టి కొందరు, జీతం పోగొట్టుకుని కొందరు. వీధిలో నిలబడడానికి చోటు లేదు. వాన మొదలై రేకుల సందుల్లోంచి కారుతుంటే అత్త గిన్నె తెచ్చి పెట్టి, మా అందరినీ ఒకసారి చూసింది.

"ఇంత మంది ఉండామే మ్మా మనం" అంది. కోపంగా కాదు, ఆశ్చర్యంగా.

బయటికి వచ్చాను. పిల్లర్ల మీద ఇనుప కమ్మీలు ఇంకా పైకి చూస్తూనే ఉన్నాయి. బంతి కోసం గోడెక్కే పిల్లలకు గుచ్చుకోకుండా మామ ప్రతి కమ్మీ కొనకూ పాతగుడ్డ చుట్టి కట్టాడు. వాటిలో ఒకటి నీలం రంగుది. నేను పాతబడిందని పారేసిన ఫ్యాక్టరీ ఏప్రన్. వానకు తడిసి నీళ్ళోడుతోంది, ఆయన వేసిన ముడి మాత్రం ఊడలేదు.