అమ్మ అడిగిన చైన్ కవరు

మా చిన్నప్పుడు సందు చివర సైకిల్ చైను జారిన చప్పుడు వినబడితే చాలు... బాపు, అదే మా నాన్న, వస్తున్నాడని మాకు తెలిసిపోయేది. ఆ వెంటనే ఆయన తిట్లు కూడా వినబడేవి... అవి ఇక్కడ రాయలేను లెండి.

మాది సిద్దిపేట దగ్గర, చిన్నకోడూరు వైపు ఒక ఊరు. బాపు మగ్గం నేసేవాడు. నేసిన బట్ట సిద్దిపేటలో ఇచ్చి, నూలు మూట వెనక కట్టుకుని వచ్చేవాడు. ఇంట్లో ఉన్నది ఒకే సైకిలు... అదీ ఎవరో అమ్మేసిన లేడీస్ సైకిలు. ఊళ్లోవాళ్లు ఎగతాళి చేసినా పట్టించుకునేవాడు కాదు. "మూట మోస్తదా లేదా... గది సూడున్రి" అనేవాడు.

అమ్మకు ఆ సైకిలంటే ప్రాణం. పెళ్లికి ముందే పుట్టింట్లో తొక్కడం నేర్చుకుందట. ఊళ్లో అందరికీ జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుట్టేది... తను మాత్రం చీరే. పెళ్లయినవాళ్లు డ్రెస్సు వేసుకుంటే ఊరంతా మాట్లాడుకునే రోజులవి.

ఒకరోజు పక్కూళ్లో ఆడపిల్లలకు కుట్టు నేర్పే పని ఉందని ఆమెకు కబురు వచ్చింది. ఆ వేళకు బస్సు లేదు. పొద్దుటి పూట బాపు మగ్గం మీద ఉంటాడు, సైకిలు ఖాళీయే కదా... అమ్మ సంబరం చూడాలి. జీతం సంగతి అటుంచండి, రోజూ ఇల్లు దాటి ఒక చోటికి వెళ్లి రావడమే ఆమెకు గొప్ప.

కానీ ఆ జారే చైనుతో ఎలా వెళ్తుంది? ముగ్గురం సిద్దిపేట వెళ్లాం. సైకిల్ షాపు మల్లేశం వెనక చక్రం తిప్పి చూశాడు.

"చైనొక్కటి మారిస్తే మల్ల జారుతది అన్నా... ఫ్రీవీలు పండ్లు సుత అరిగినయి. రెండు గలిపి మార్చాలె."

రెండు రకాల ఫ్రీవీళ్లు, అంటే వెనక చక్రం మధ్యలో చైను పట్టే పండ్ల చక్రాలు, ముందు పెట్టాడు. చిన్నది వేస్తే సైకిలు ఉరుకుతుందట, పెద్దది వేస్తే మూట ఉన్నా ఎత్తు సులువుగా ఎక్కుతుందట. బాపు రెంటినీ చేతిలో పట్టుకుని చాలాసేపు ఆలోచించి పెద్దదే తీసుకున్నాడు. అమ్మ కూడా తలూపింది.

ఇక చైన్ కవరు. పాతది ఎప్పుడో ఊడిపోయింది. గోడకు వేలాడుతున్న నిండు కవరు చూపించింది అమ్మ... చైనును డబ్బాలో పెట్టినట్టు మొత్తం మూసేసే రకం.

"గది ఏపియ్యి... చైన్ల చీర పడది" అంది.

"తొవ్వల చైను ఊడితే మూట దించి, స్క్రూలు ఇప్పుకుంట ఎవలు గూసుంటరు? సగం కవరు సాలు. నువ్వు కుచ్చిళ్లు పైకి చెక్కుకో, ఏం గాదు" అన్నాడు బాపు.

పైభాగం మాత్రమే కప్పే సగం కవరు వేయించుకుని వచ్చాం.

కొన్నాళ్లు బాగానే సాగింది. సెలవు రోజుల్లో నేనూ వెనక క్యారియర్ మీద కూర్చుని వెళ్లేదాన్ని. ఇంట్లో ఎప్పుడూ పాట పాడని మనిషి... సైకిలు తొక్కుతూ ఏదో కూనిరాగం తీసేది.

ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది. పక్కూరి హోటలు ముందుకు రాగానే సైకిలు ఠక్కున ఆగి ఇద్దరం పడ్డాం. అమ్మ కుచ్చిళ్లు చైనుకూ పండ్లకూ మధ్య చుట్టుకుపోయాయి. పెడలు వెనక్కి తిప్పినా రాలేదు. అమ్మ లేవలేదు... లేస్తే చీర ఊడుతుంది.

బెంచీల మీద మగవాళ్లందరూ చూస్తున్నారు. ఒకాయన లోపలి నుంచి బ్లేడు తెచ్చి చీర కోశాడు. కోస్తూనే, "ఆడోళ్లకు గివన్ని ఎందుకమ్మా" అన్నాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

గ్రీజు మరకల చీరతో సైకిలు నడిపించుకుంటూ ఇంటికొచ్చింది అమ్మ. ఇక పనికి రానని కబురు పంపింది.

బాపు ఆ పూట అన్నం సరిగా తినలేదు. మళ్లీ సిద్దిపేట వెళ్లినప్పుడు నిండు కవరు బిగించుకుని వచ్చాడు. వాకిట్లో స్టాండు వేసి, "ఇగ పడది... ఎక్కు" అన్నాడు.

"సైకిలు నీ మూటలకే కావాలె తియ్యి" అని అమ్మ లోపలికి వెళ్లిపోయింది. బాపు హ్యాండిలు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

ఆ పని ఇంకొకామెకు వెళ్లింది. అమ్మ మళ్లీ సైకిలెక్కలేదు. బాపు మాత్రం ఆ కవరు తీయలేదు. దారిలో చైను ఊడితే మూట దించి, స్క్రూలు విప్పి, నల్లటి చేతులతో ఆలస్యంగా వచ్చేవాడు. "గది తీసి పారెయ్యరాదా అన్నా" అని పక్కింటాయన అంటే, "ఉండనియ్" అనేవాడు.

నాకైతే బాపు మీద కోపం పోలేదు. అమ్మ అడిగిన రోజే వేయిస్తే ఏం పోయేది? ఆయన పోయాక కూడా ఆ కోపం అలాగే ఉంది...

మొన్న నా బిడ్డకు గేరు సైకిలు కొందామని సిద్దిపేటలో షాపుకు వెళ్లాం. అమ్మ కూడా వచ్చింది. వెనక చక్రానికి ఒకదాని పక్కన ఒకటి ఎన్ని పండ్ల చక్రాలో... ఎత్తు ఎక్కడానికీ, ఉరకడానికీ అన్నీ దాంట్లోనే. బాపులా చేతిలో పట్టుకుని ఆలోచించే పనే లేదు.

అమ్మ ఒంగి చైను చూసి, "దీనికి కవరు లేదా బిడ్డా" అని షాపు అబ్బాయిని అడిగింది.

"గేరు సైకిళ్లకు రాదమ్మా" అన్నాడు.

నా బిడ్డ ప్యాంటుతోనే సైకిలెక్కి రోడ్డు మీద ఒక చుట్టు కొట్టింది. అమ్మ కళ్లు దాని మీదే ఉన్నాయి. నేను ఉండబట్టలేక, "బాపు గప్పుడే ఆ కవరు ఏపిచ్చి ఉంటే నువ్వు సుత గిట్లనే పోతుంటివి గదమ్మా" అన్నాను.

అమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఏపిచ్చిండు గదా బిడ్డా... ఆయిన ఎక్కుమన్ననాడు నేనే ఎక్కకపోతి."

ఇప్పుడు మా వీధిలో ఆడపిల్లలు కవరు లేని సైకిళ్ల మీద రయ్యిన పోతుంటే ముచ్చటేస్తుంది. ఆ వెంటనే వాకిట్లో హ్యాండిలు పట్టుకుని నిలబడిన బాపు కూడా గుర్తొస్తాడు...

మీ ఇంట్లో అమ్మలెవరైనా సైకిలు తొక్కేవారా? తొక్కి ఎందుకు మానేశారో... ఒకసారి అడిగి చెప్పండి.