ముద్దనూరు ఘాట్... మేమే బరువు

మా చిన్నప్పుడు మేం కారెక్కామంటే షికారుకు అనుకునేరు... బరువుకు!

సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి ఇంటిముందు నాయన టాక్సీ నిలబడి ఉండేది. బానెట్ పైకెత్తి, మెకానిక్ మస్తాన్ మామ తల అందులో దూర్చి ఉండేవాడు. "పుస్తకాలు ఆడ పారేసి ఎక్కండి" అనేవాడు నాయన. అమ్మ పొయ్యి మీంచి సంగటి దించి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చేది. ముందు నాయన, మస్తాన్ మామ... వెనక సీట్లో అమ్మ, అవ్వ, నేను, తమ్ముడు... డిక్కీలో రెండు జొన్న మూటలు. జమ్మలమడుగు దాటి ముద్దనూరు ఘాట్ రోడ్డు వైపు బయల్దేరేవాళ్లం.

సంగతేమిటంటే... అది పాత డీజిల్ బండి. ఇంజన్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు అరిగిపోయాయి. మా వైపు వాటిని నాజిళ్లు అంటారు. కొత్తవి కొనే స్తోమత లేదు. మస్తాన్ మామది ప్రొద్దుటూరులో షెడ్డు. ఏదో వ్యాన్‌లోంచి తీసిన నాజిళ్లు తెచ్చి మా బండికి బిగించాడు.

బిగించడమైతే బిగించాడు గానీ... అవి మా ఇంజన్‌కు కావాల్సిన దానికంటే ఎక్కువ డీజిల్ పోసేవి. పంపు మీది స్క్రూ తిప్పి తగ్గించాలి. ఎక్కువైతే వెనకంతా నల్లపొగ. మరీ తగ్గిస్తే బండికి లాగే సత్తువ ఉండదు. ఖాళీగా పోయేటప్పుడు అంతా బాగున్నట్టే ఉంటుంది. నిండా మనుషులతో ఘాట్ ఎక్కితేనే అసలు రంగు బయటపడేది. మమ్మల్ని ఎక్కించుకునేది అందుకే.

నాయనకు దొరికేవన్నీ పులివెందుల బాడుగలే. ఆ దారిలోనే ఘాట్. సగంలో ఆగిపోతే ఎక్కినవాళ్లు దిగి నడవాలి... అట్లా దిగినవాళ్లు మళ్లీ మా బండి ముఖం చూడరు. అప్పటికే స్టాండులో మా బండికి 'పొగగొట్టం' అని పేరు కూడా పెట్టేశారు.

"కుదిరిందా సరే... లేకుంటే అమ్మేసి కువైటు పోతా. ఆడ డ్రైవరు పని ఉందని బావ చెప్తాండాడు" అన్నాడు నాయన ఒకరోజు అన్నం తింటూ. మా వీధిలో కువైటు పోయినవాళ్ల ఇళ్లు చూస్తూనే ఉన్నాం... ఆ పిల్లలు వాళ్ల నాయనల్ని ఫొటోల్లోనే ఎక్కువ చూసేవాళ్లు.

ఆ మర్నాటి నుంచి నేనొకటి గమనించాను. ఘాట్ మొదలవగానే అమ్మ ముందు సీటు గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, కూర్చున్నచోటు నుంచి కాస్త పైకి లేచేది. తన బరువు బండి మీద పడకూడదని!

మస్తాన్ మామ వెనక్కి తిరిగి చూశాడు. "ఏంది వదినా! బరువు కోసరం పిల్చుకొస్తే నువ్వేమో పైకి తేలుతాండావు. ఇట్లయితే నేను బండిని యాడ కుదిర్చేది?"

"నేను సక్రంగానే కూచోనుండా" అనేది అమ్మ. అంటూనే తర్వాతి మలుపులో మళ్లీ లేచేది. ఆమెను చూసి నేనూ, నన్ను చూసి తమ్ముడూ. అవ్వ ఒక్కతే కదలకుండా, "నా బరువు నేనేం జేసేది, దేవుడిచ్చిండేది" అనేది.

ఎన్ని సాయంత్రాలు అట్లా పోయామో... ఆగిపోతే దిగి చక్రాల కింద రాళ్లు పెట్టడం, మామ స్క్రూ రవ్వంత తిప్పడం, మళ్లీ కిందికి దిగి మొదటి నుంచి ఎక్కడం. ఒళ్లంతా డీజిల్ వాసన. ఇంటికొచ్చి చల్లారిన సంగటి తిని పడుకునేవాళ్లం. అందరికీ విసుగొచ్చేసింది.

ఒకరోజు మాత్రం... మలుపు తర్వాత మలుపు దాటుకుంటూ పోయాం. పొగ లేదు, మూలుగు లేదు. పైకి చేరాక నాయన బండి ఆపి, స్టీరింగ్ మీద తల ఆనించాడు. అమ్మ అప్పుడు వదిలింది ఊపిరి. మేమంతా లేవబట్టే బండి ఎక్కిందని నేను చాలా ఏళ్లు నమ్మాను.

నాయన కువైటు పోలేదు.

మర్నాడు బడి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాం. ఇంటిముందు బండి లేదు... పులివెందుల బాడుగకు పోయిందని చెప్పింది అవ్వ. ఇక అంతే. తెల్లారకముందే పోయి, మేం నిద్రపోయాక వచ్చేవాడు నాయన. మా సీట్లలో బాడుగవాళ్లు కూర్చున్నారు, మాతో పని తీరిపోయింది. ఎవరినీ అనడానికి లేదు... మా అందరి కడుపూ నింపింది ఆ బండే. కానీ ఇంజన్ బాగాలేని ఆ రోజుల్లోనే నాయన మాతో ఉన్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఇప్పుడు నాకూ ఒక కారుంది. రోజూ ఉద్యోగానికి ప్రొద్దుటూరు పోయి రావడం... ఒక్కదాన్నే, మిగతా సీట్లన్నీ ఖాళీ. దీనికి నాజిళ్లు ఎక్కడుంటాయో కూడా నాకు తెలియదు. ఎర్ర లైటు వెలిగితే షెడ్డులో ల్యాప్‌టాప్ తగిలించి చూస్తారు. నేను ఫోన్ చూసుకుంటూ కూర్చుంటా.

పోయిన నెల పులివెందులలో చుట్టాల పెళ్లికి అమ్మనూ నాయననూ పిల్చుకుపోయాను. నాయన ముందు సీట్లో, ఎక్కిన కాసేపటికే నిద్ర. అమ్మ వెనకాల. ఘాట్ వచ్చిందని నా బండికి తెలియనే లేదు. అద్దంలో చూద్దును కదా... అమ్మ నా సీటు పట్టుకుని, కాస్త పైకి లేచి ఉంది!

నవ్వొచ్చింది. "ఏందిమా, ఇది కొత్త బండి... ఎంత బరువైనా లాగుతాది, కూచో."

"బండికి కాదులే పాపా... నువ్వే శానా అలిసిపోయినట్టుండావు" అంది.

ఘాట్ దిగేదాకా అద్దంలోకి చూడలేకపోయాను.

బండ్లు మారాయి... ఎవరినీ బరువుకని పిలిచే పని లేదు, ఎవరింటి ముందూ పిల్లలు బండి కోసం ఎదురుచూసేదీ లేదు. మీ ఇంట్లోనూ మీ కోసం ఇట్లా ఊపిరి బిగబట్టినవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల గురించి నాకు రాయండి... ఈ ఆదివారం ఇంకే పనీ చేసే ఓపిక లేదు, కూర్చుని అవే చదువుకుంటా.