చేపలు ఏరెక్కకముందే

మా పక్కింటి అంకుల్ ఈ ఫిబ్రవరిలో పోయారు. పొద్దున పాలషెడ్డు పని ముగించుకుని వస్తుంటే ఆంటీ గేటు దగ్గర నిలబడి ఉన్నారు. "అయిపోయిందయ్యా" అన్నారు. సాల్మన్ చేపలు ఏరెక్కడానికి ఇంకా కొన్ని వారాలున్నాయి. ఆయన వాటికోసమే ఆగుతున్నారని మా ఇద్దరికీ తెలుసు.

అంకుల్‌ది రాజోలు వైపు. ఈ సౌత్ ఐలాండ్ ఊళ్లో పాల ట్యాంకర్ నడిపి రిటైరయ్యారు. సముద్రం నుంచి ఏటికి ఎదురీదే చేప ఇక్కడా ఉందని వచ్చిన కొత్తలో విని పొంగిపోయారట. గోదారి మనిషి కదా, పులస ఎంత ఎగువకు ఎక్కితే అంత రుచి అని ఆయన నమ్మకం. లైసెన్సు తీసుకుని, అందరూ దిగువన పట్టుకుంటుంటే ఈయన ఎగువకు పోయి పట్టుకొచ్చారు. రాత్రే పులుసు పెట్టించి, మర్నాడు నన్ను భోజనానికి పిలిచారు. ముక్క పాలిపోయి ఉంది. నోట్లో పెట్టుకుంటే పిండిలా విడిపోయింది.

"పులసకైతే పుస్తెలు తాకట్టు పెడతారంట. దీనికి చింతపండు కూడా దండగే" అన్నారు ఆంటీ.

"ఊరుకోవే, అబ్బాయి తింటున్నాడు."

"తినట్లేదండీ, మొహమాటపడుతున్నాడు."

తర్వాత ఏటి ఒడ్డున ఈ దేశం వాడే, ఒక కీవీ ముసలాయన చెప్పాడు. ఏట్లోకి వచ్చాక ఈ చేప మేత ముట్టదట. ఒంట్లో ఉన్నది కరిగించుకుంటూ పైకి పోయి, గుడ్లు పెట్టి చచ్చిపోతుందట. అంకుల్ మళ్లీ గాలం పట్టలేదు. చూడ్డానికి మాత్రం ఏటా వెళ్లేవారు, నన్నూ తీసుకెళ్లేవారు. ఎగువన చిన్న జలపాతం ఉంది. చేప ఎగురుతుంది, రాతికి కొట్టుకుని పడుతుంది.

"పడ్డచోట చూడకు అబ్బాయ్, మళ్లీ ఎక్కడ లేస్తుందో చూడు" అనేవారు. అది లేచినప్పుడల్లా ఆయన మడమలు నేల మీంచి లేచేవి. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఆంటీ కారు దిగేవారు కాదు. "చచ్చేవాటిని చూడ్డానికి ఈ చలిలో నేను రాను" అని అద్దం ఎత్తేసుకునేవారు.

ఇక్కడ వేసవి డిసెంబరులోనే వస్తుంది; ఈ వేసవిలో ఆయనకు అన్నం సహించడం మానేసింది. కడుపులో జబ్బు, చేసేదేం లేదన్నారు డాక్టర్లు. ఆంటీ గంజి గిన్నెతో మంచం పక్కనే ఉండేవారు.

"ఒక్క చెంచా. చేపలొచ్చేదాకా ఉంటారా, ఉండరా?"

"అవేం తిని ఎక్కుతున్నాయే?"

ఆంటీ గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు. చాలాసేపు కుళాయి చప్పుడే వినబడింది.

మొన్న చేపలొచ్చాయి. నేను అడగలేదు. ఆంటీయే తన కాళ్లకు బాగా పెద్దవైన అంకుల్ గంబూట్లు వేసుకుని వచ్చి నా కారెక్కారు. జలపాతం దగ్గర దిగి, ఆయన నిలబడే చోటే నిలబడ్డారు. ఒక చేప ఎగిరి రాతికి తగిలి పడింది. ఎంతసేపటికీ కనబడలేదు. తర్వాత నురగలోంచి మళ్లీ లేచింది.

పక్కకు చూశాను. ఆయన బూట్లు నేలమీదే ఉన్నాయి. వాటిలో ఆంటీ కొద్దిగా పైకి లేచి ఉన్నారు.