పోగు తెగిన చోట

తిరుత్తణిలో మా బట్టలంగడి పక్కనే ఆయన అంగడి. ఆదివారం మూసి చర్చికి పోయే మనిషి. చీర అమ్మేముందు వెలుతురులో పరిచి, లోపమున్న చోట వేలు పెట్టి చూపించేవాడు: "అక్కా, ఇక్కడ పోగు తెగింది, చూసుకో."

మేమైతే ఆ చోటు మడతలోకి పోయేట్టు చుట్టేవాళ్లం. ఆయన దగ్గర్నుంచి మా మెట్లెక్కిన ఆడవాళ్లతో నేను అనేవాణ్ణి: "అడక్కుండానే ఒకటి చూపించినాడంటే, దాచింది ఇంకెంతుందో అక్కా!" మా చీరలకన్నా ఆ మాటే బాగా చెల్లింది.

చివరికి ఆయన అంగడి అమ్మకానికొచ్చింది. ఆ డబ్బుతో తిరువళ్లూరులో చిన్న కొట్టు పెట్టుకోవాలని ఆయన ఆశ. అడిగిన ధరే ఇచ్చేద్దామని పోయాను. బేరమాడకుండా కొనాలనుకోవడం నా జన్మలో అదే మొదలు. నేను నోరు తెరిచేలోపే ఆయన బీరువా జరిపి, చెమ్మ పట్టిన గోడమీద వేలు పెట్టాడు.

"వానొస్తే ఇక్కడ కారుతుందన్నా, చూసుకో."

"చెప్పకుంటే నాకు తెలిసేదా సామీ?"

"ప్రభువుకు తెలుసు కదన్నా."

ఆ గోడనే చూపించి ధర సగానికి దించాను. తిరువళ్లూరులో ఆయన ఎవరి అంగడిలోనో జీతానికి చేరాడు.

తాళాలిచ్చిన రోజు, బీరువా మళ్లీ ఆ గోడకే జరపాలి, ఒక చెయ్యి వెయ్యమన్నాను. వేశాడు.