గుడ్డపూల దండ

చేత్తో చేసి ఇచ్చిన వస్తువుకే విలువెక్కువ అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మాట అనేవాళ్ళలో చాలామంది చేత్తో ఏదీ చేసి ఎరగరు. నేను చేశాను. దానికి దక్కిన విలువ కూడా చూశాను.

డెబ్భైల చివరి మాట. మా నాయన తిరుపతిలో దర్జీ. దీపావళికి నెల ముందు నుంచీ మా ఇంట్లో మిషను ఆగేది కాదు. వీధిలో పిల్లలందరికీ కొత్తబట్టలు మా ఇంట్లోంచే వెళ్ళేవి. మాకు మాత్రం పండగ దాటాక, ఆయనకు తీరిక దొరికాక కుట్టేవాడు. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. పండగపూట నా చేతులు ఖాళీగా ఉండకూడదని అక్క మిషను కింద రాలిన ముక్కలు ఏరి ఏదో ఒకటి కుట్టి ఇచ్చేది. ఒక ఏడు గుడ్డబొమ్మ, ఒక ఏడు పలకసంచి, ఒక ఏడు నా పాత లంగాకి కొత్త అంచు. ఖర్చల్లా దారమే, అదీ నాయనదే.

అక్క పెళ్ళయి వెళ్ళాక ఆ పని నేను అందుకున్నాను. మొదటి ఏడు నాయనకు కళ్ళజోడు పెట్టుకునే సంచి కుట్టాను. "బాగుండాది మే" అని దాన్ని జేబులో వేసుకున్నాడు. కళ్ళజోడు మాత్రం ఎప్పటిలాగే మిషను మీదే పెట్టేవాడు.

అక్కను తిరుమలలో ఇచ్చాం. బావకు కొండమీద బొమ్మల అంగడి. పండగ వస్తే యాత్రికులు ఎక్కువ, అంగడి మూయరు. అంగడి మూయకపోతే అక్క కొండ దిగదు. మూడు దీపావళులు అలాగే అయిపోయాయి.

అక్కకు పూలంటే పిచ్చి. కూరకు డబ్బులు లేకపోయినా కనకాంబరాలు మూరెడు తెచ్చుకునేది. కానీ కొండమీద పువ్వన్నది స్వామిదే. అక్కడ ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకోరు, కింద నుంచి కొనుక్కుపోయినా సరే. మా ఊళ్ళో ఇది పసిపిల్లలకు కూడా తెలుసు. అక్కకూ తెలుసు. సంబంధం కుదిరిన రోజు వెళ్ళి రెండు మూరలు ఎక్కువ కొని పెట్టుకుంది.

ఆ ఏడు నాకు పదిహేనేళ్ళు. గుడ్డతో పూలు చేస్తే పెట్టుకోవచ్చు కదా అని తోచింది. నాయనను అడిగితే, "గుడ్డకేం తప్పు మే, చెయ్యి" అన్నాడు. బడిపిల్లల చొక్కాలకు కోయగా మిగిలిన తెల్ల పాప్లిన్ ముక్కల్ని రూపాయి బిళ్ళంత కత్తిరించి, లోపల చిటికెడు దూది పెట్టి, ఆకుపచ్చ దారంతో మెడ బిగించి మొగ్గలు చేశాను. గంజిలో ముంచి ఆరబెట్టాను. లంగాల లైనింగు ముక్కలు కనకాంబరాలయ్యాయి. నెల రోజులు పట్టింది. వేళ్ళన్నీ సూదిపోట్లే. దండ కట్టాక డబ్బాలో మరువం కొమ్మలు పరిచి వాటి మధ్య పెట్టాను, వాసన పట్టాలని. అక్కడే నా కొంప మునిగింది. మరీ బాగా చేశాను.

దీపావళి నాడు చివరి చొక్కా ఇచ్చేసి నాయన స్నానం చేశాడు. మధ్యాహ్నం ఇద్దరం బస్సెక్కాం. ఘాట్ రోడ్డంతా ఆ డబ్బా ఒళ్ళోనే పెట్టుకున్నాను. మూడేళ్ళుగా అక్క నన్ను చుట్టాన్ని పలకరించినట్టు పలకరిస్తోంది. ఈ దండ చూస్తే మళ్ళీ నా అక్క అవుతుందని నా ఆశ. నాకు కావలసిందల్లా అదే.

అక్క డబ్బా తెరిచింది. తెరవగానే ముక్కు దగ్గర పెట్టుకుంది. "గుడ్డా ఇది! యాడ నేర్చుకున్నావే?" అని నా బుగ్గలు రెండూ పట్టుకుంది. గోడకున్న అద్దం ముందు నిలబడి తనే జడలో తురుముకుంది. అటు తిరిగి ఇటు తిరిగి చూసుకుంది. నాయన గడప దగ్గర నిలబడి నవ్వుతున్నాడు. ఆ రెండు నిమిషాలు నిజంగానే మా అక్క.

అంతలో వాళ్ళ అత్త అంగడి నుంచి వచ్చింది. వెనక నుంచి జడ చూసింది, మరువం వాసన తగిలింది. "ఏమే! కొండమీద పూలు పెడితివా? ఇంట్లో దీపం ఉండాల్నా వద్దా?" అని అరిచింది.

అక్క ఒక్క ఉదుటున దండ పీకేసింది. గుడ్డ అని ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు. "నేను కాదత్తా. ఇదే పెట్టేసింది. వద్దు వద్దంటే ఇనలే" అంది, నన్ను చూపించి.

నేను నాయన వైపు చూశాను. ఆయన అంతా చూశాడు కదా. నాయన చేతులు జోడించి, "తప్పయిపోయింది వదినా, సిన్నపిల్ల" అని, నా వైపు తిరిగి, "నీకు బుద్ధుండాదా మే? కొండమీద పూలతో ఆటలా?" అన్నాడు.

అత్త దండ చేతిలోకి తీసుకుని నలిపి చూసింది. "ఓసి, గుడ్డే! నేను నిజం పూలనుకుంటి. గుడ్డకేం దోషం లేదులే, పెట్టుకో" అని నవ్వేసింది.

తనే పెట్టుకున్నానని ఇప్పుడైనా అంటుందేమో అని చూశాను. నిజం చెప్పినా ఇక ఎవరూ కోప్పడేది లేదు. అక్క దండను మడుస్తూ, "దీనికి మొదట్నుంచీ మొండితనమే అత్తా" అంది. అత్త నా వేళ్ళు పట్టుకుని చూసి, తన కూతుళ్ళిద్దరికీ చెరొక దండ కట్టి పంపమంది. నాయన, "దానికేం వదినా, కడతాది" అని నా బదులు ఒప్పుకున్నాడు.

దిగేటప్పుడు బస్సులో నాయన వైపు వీపు తిప్పి కూర్చున్నాను. సగం దారి వచ్చాక ఆయనే అన్నాడు: "అది ఆడ బతకాల మే. నువ్వు నా దగ్గరే ఉండావు. నీకేమవతాది?"

నాకు అర్థమైంది. అర్థమైతే బాధ తగ్గుతుందని చెప్పేవాళ్ళకు ఏ బాధా వచ్చి ఉండదు. ఎవరికి ఏమీ కాదో వాళ్ళ నెత్తిన తప్పు వేస్తారు, అంతే. ఆ రెండు దండలూ కట్టి పంపాను. వాటిని మాత్రం మరువంలో పెట్టలేదు. ఆ తర్వాత పండగకు ఎవరికీ ఏదీ కుట్టలేదు. మిషను కింద ముక్కలు ఊడ్చి పారబోసేదాన్ని.

ఎనిమిదేళ్ళ తర్వాత అక్క తన కూతురితో మా ఇంటికి వచ్చింది. నాయనకు అప్పటికి చూపు తగ్గింది, మిషను అమ్మేశాం, మంచంలోనే ఎక్కువగా ఉండేవాడు. నేను పాపకు జడ వేస్తుంటే అక్క కబుర్లలో పడి, "మీ పిన్ని సామాన్యురాలు కాదు. ఒగ దీపావళికి కొండమీదే నా జడలో పూలు పెట్టేసి మీ జేజితో, అదే మా అత్తతో, నాకు తిట్లు తినిపించింది" అని పడీ పడీ నవ్వింది.

"ఎవరు పెట్టిందక్కా?" అన్నాను.

"నువ్వే కదే! మర్సిపోయినావా?" అంది.

ఆమె కళ్ళలోకి చూశాను. అబద్ధమాడుతుంటే ఆ రోజే తేల్చుకునేదాన్ని. అక్క అబద్ధమాడటం లేదు. అన్నేళ్ళూ అదే చెప్పి చెప్పి, ఆమెకు జరిగింది అదే అయిపోయింది. తనే అద్దం ముందు నిలబడి తురుముకున్న ఆ రెండు నిమిషాలు ఆమెలో లేవు. నేను నెల రోజులు కుట్టింది వాటి కోసమే.

"అవునక్కా, నేనే పెట్టినాను" అన్నాను.

నాయన మంచం మీద నుంచి నేనున్న వైపు చూశాడు. మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.