రెండు పండుగల తోమా

పుట్టగానే నన్ను పునీత తోమాకు మొక్కింది మా అవ్వ. నేను బతుకుతానో లేదోనని డాక్టరుకే అనుమానం వచ్చిందట. అనుమానపు కేసు కాబట్టి అనుమానపు అపోస్తలుడికే అప్పజెప్పింది. ప్రభువు గాయంలో వేలు పెట్టి చూస్తే తప్ప నమ్మనన్న మనిషి ఆయన. ఇప్పుడు నేను బొంగులూరు దగ్గర ప్లాట్లు చూపించే ఉద్యోగం చేస్తున్నాను. వచ్చే ప్రతివాడూ హద్దురాయిని కాలితో తన్ని చూస్తే తప్ప నమ్మడు. మొక్కు బాగానే ఫలించింది.

మా చర్చిలో ఆయన పండుగ జులై మూడున. ఆయన విగ్రహానికి ఒక చేతిలో ఈటె, ఇంకో చేతిలో వడ్రంగి మూలమట్టం. ఈటెతో పొడిచి చంపారు గనుక అది, ఇళ్లు కట్టేవాడంటారు గనుక ఇది. ఊరేగింపులో ఆ గుర్తులను మనుషులు విడిగా మోస్తారు. ఈటెకు పోటీ ఎక్కువ, ఫొటోలో బాగా పడుతుంది. మూలమట్టం ఏటా నాకే. పూజ తరువాత భోజనాల దగ్గర జోకులేస్తాను, అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతారు, తరువాత ఎవరి పిల్లలతో వాళ్లు ఆటోలెక్కి పోతారు. నవ్వించినవాణ్ని వెంట తీసుకుపోయే ఆచారం మా చర్చిలో ఇంకా మొదలు కాలేదు.

నన్ను పెంచిన అవ్వ మాత్రం పాత తేదీనే పట్టుకుని ఉండేది: డిసెంబర్ ఇరవై ఒకటి. పండుగను జులైకి మార్చి ఏళ్లయిందని ఫాదర్ ఎంత చెప్పినా వినలేదు.

"మీరు మార్చుకున్నరు సరే. గాయనకు జెప్పిన్రా?"



ఆ రోజు సేమ్యా పాయసం వండేది. మొక్కున్నవాడు దాన్ని ఒక్కడే తినకూడదు. బయటివాళ్లు ఎవరికైనా పెట్టి, వాళ్లు తింటుంటే తాను తినాలి. లేకుంటే మొక్కు చెల్లనట్టే. ఇది ఎక్కడా రాసి లేదు, అవ్వ నోట్లో ఉండేది. మనిషిని పట్టుకొచ్చే పని కూడా ఆమెదే. ఒకసారి గ్యాస్ బండ తెచ్చినతన్ని బండతో సహా కూర్చోబెట్టింది.

మొన్న ఎండాకాలంలో అవ్వ పోయింది. నా ఇంటివాళ్ల జాబితా అంతటితో అయిపోయింది.

డిసెంబర్ ఇరవై ఒకటి వచ్చింది. ఇబ్రహీంపట్నంలోని నా అద్దె గదిలో నేనే వండాను. సేమ్యా ముద్దయింది. పక్క వాటాలో ఉండే ఓనరక్క తలుపు కొట్టాను.

"ఏందిరా గిది? క్రిస్మస్ ఇంకా రాలే గదా."

"గిది తోమా పండుగ అక్కా."

"గది జులైల చేసినవ్! మూలమట్టం పట్టుకొని స్టేటస్ గూడ పెడ్తివి."

"మా ఆయన ఏడాదికి రెండుసార్లొస్తడు."

"మస్తున్నడు మీ ఆయన. గిన్నె ఆడ పెట్టు. ఇయ్యాల నాకు ఒక్కపొద్దు, పొద్దుగూకినంక తింట."

"నా ముందర తినాలె అక్కా."

"ఎందుకురా, ఏమన్న కలిపినవా?"

అప్పుడే చెప్పాల్సింది, అవ్వ సంగతి, మొక్కు సంగతి. నాలుక మీద మాత్రం ఇంకోటి సిద్ధంగా ఉంది.

"అవ్ అక్కా. ఇల్లు నాకొస్తదని ఆశ."

ఆమె నవ్వి, గిన్నె అందుకుని తలుపేసుకుంది. జోకు పండింది. నేను గదికొచ్చి, నా వంతు గిన్నె మీద మూత పెట్టి సాయంత్రం దాకా ఆకలితో కూర్చున్నాను.

దీపాలు పెట్టే వేళకు పక్క వాటాలో పూజ గంట మోగింది. తరువాత సీరియల్ మొదలైంది. గిన్నె పట్టుకుని వరండాలోకి వెళ్లి, ఆమె కిటికీ ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాను. లోపల అక్క టీవీ ముందు పీట మీద ఉంది. నన్ను చూసింది.

"గట్ల చలిల గూసున్నవేందిరా?"

"గదిల ఉక్కగుంది అక్కా."

డిసెంబర్‌లో ఉక్క. ఆమె ఒక్క క్షణం నావైపు చూసి, చెయ్యి చాపి కిటికీ రెండో రెక్క కూడా తెరిచింది. పొద్దున నేనిచ్చిన పాయసం గిన్నె దగ్గరికి లాక్కుంది. సీరియల్లో ఎవరో ఏడుస్తుంటే చూస్తూ ఒక చెంచా నోట్లో పెట్టుకుంది.

"సక్కెర జర తక్కువైంది," అంది.

నేనూ ఒక చెంచా తిన్నాను. నిజమే, తక్కువైంది.